డౌబాన్‌జియాంగ్ దొరకని ఊళ్లో మాపో తోఫు

వంట వీడియో చూస్తున్నంతసేపూ నోరూరుతుంది. కింద సరుకుల జాబితా చదివేసరికి ఉత్సాహం చల్లారిపోతుంది. డౌబాన్‌జియాంగ్, దౌషీ, హువాజావ్, సిల్కెన్ తోఫు. రాజపాళయంలో ఏ కిరాణా కొట్టుకెళ్లి ఈ చీటీ ఇచ్చినా కొట్టాయన ముందు చీటీ వంక, తర్వాత మీ వంక చూస్తాడు. మదురై వెళ్దామంటే 80 కిలోమీటర్లు. అక్కడి పెద్ద సూపర్‌మార్కెట్‌లో కూడా ఈ నాలుగింట్లో రెండు దొరికితే గొప్పే.

అప్పుడేం చేస్తారు? కొందరు ఆ వంట సంగతే మర్చిపోతారు. ఇంకొందరు ‘షెజ్వాన్’ సాస్ సీసా ఒకటి కొని, పన్నీరు ముక్కలు అందులో దొర్లించి, దానికే మాపో తోఫు అని పేరు పెట్టేస్తారు. మొదటివాళ్లకు కూర లేదు. రెండోవాళ్లకు కూర ఉంది గానీ అది వేరే కూర. మన బజార్లో దొరికే ఆ ఎర్ర సాస్ మిరపకాయ, వెల్లుల్లి, వెనిగర్ల కలయిక. సిచువాన్ వంటకు ప్రాణమైన నాలుక తిమ్మిరి అందులో ఉండదు. అది భారతీయ చైనీస్ అనే మరో వంశానికి చెందింది. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ చేతిలో పుట్టిందని చెప్పే చికెన్ మంచూరియా కూడా ఆ వంశమే. తినడానికి బాగుంటుంది, కాదనేవాళ్లెవరు? కానీ ఈ అధ్యాయం దాని గురించి కాదు.

సీసాల పేర్లు కాసేపు పక్కన పెట్టండి. ఒక్కో సరుకు మూకుట్లో ఏ పని చేస్తోంది అన్నది చూడండి. ఉప్పులో ఊరిన మిరపకాయ ఎరుపునీ కారాన్నీ ఇస్తుంది. పులిసిన గింజ లోతైన రుచినిస్తుంది. హువాజావ్ నాలుకను తిమ్మిరెక్కిస్తుంది. కొవ్వున్న మాంసం కరకరలాడుతుంది. తోఫు వీటన్నిటినీ మోస్తూ తాను మెత్తగా ఉంటుంది. ఈ అయిదు పనులూ జరిగితే మాపో తోఫు తయారైనట్టే. వాటిలో మూడింటికి కావలసిన సరుకు రాజపాళయం బజార్లోనే ఉంది. మిగతా రెండూ తపాలాలో వస్తాయి.

ఇలా సర్దుకుంటే అసలు వంటకు ద్రోహం చేసినట్టా? ఆ వంటకం ఎలా ఊళ్లు తిరిగిందో చూస్తే ఆ బెంగ పోతుంది. సిచువాన్ రాజధాని చెంగ్డు ఉత్తరాన, వాన్‌ఫు వంతెన దగ్గర, 1862 ప్రాంతంలో చెన్ ఇంటివాళ్ల పూటకూళ్ల అంగడి ఉండేదట. నూనె మోసే కూలీలు అక్కడ ఆగి తినేవాళ్లని, ముఖాన మశూచి మచ్చలున్న చెన్ ఇల్లాలు వాళ్లకు ఈ కూర వండిపెట్టేదని చెప్పుకుంటారు. ఆ తొలి కూరలో పడింది గొడ్డుమాంసం. పంది మాంసం తర్వాత ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఇక చెన్ కెన్‌మిన్ అనే సిచువాన్ వంటవాడు 1952లో జపాన్ చేరాడు, 1958లో టోక్యోలో ‘షిసెన్ హాన్‌టెన్’ అనే హోటల్ తెరిచాడు. జపాన్‌వాళ్ల నాలుకకు తగ్గట్టు ఘాటు తగ్గించి ఈ కూర వండాడు, టీవీలో నేర్పించాడు కూడా. ఇప్పుడది జపాన్‌లో ఇంటి వంట. ఆయన కొడుకు చెన్ కెనిచి ‘ఐరన్ షెఫ్’ కార్యక్రమంతో ప్రపంచానికంతటికీ తెలిశాడు. సరుకు మారినా పని మారకపోతే వంటకం బతుకుతుంది.

రాజపాళయానికి ఈ సంగతి మరీ కొత్త కాదు. విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి దక్షిణానికి వచ్చి స్థిరపడిన రాజుల కుటుంబాలు సింగరాజకోట, పళయపాళయం లాంటి పేటల్లో చావడులు కట్టుకుని, చుట్టూ తమిళం వినిపిస్తున్నా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ వచ్చాయి. పంది మాంసం సంగతికొస్తే, ఈ ఊరి పేరు మోసే తెల్లటి వేటకుక్క అడవిపందిని తరమడానికే పేరుపడింది. గులాబీ రంగు ముక్కున్న ఆ కుక్క బొమ్మతో 2005లో తపాలాబిళ్ల కూడా వచ్చింది. ఆ వేట రోజులు పోయాయి. పడమటి కనుమల్లో ఈ వైపు అడవి 2021 నుంచి శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యం. అడవిపంది మాంసం అంటూ ఎవరైనా సంచీలో తెచ్చి చూపిస్తే దాని జోలికి పోకండి. వన్యప్రాణి చట్టం 1972 నుంచి ఉంది. పైగా ఏ పరీక్షా జరగని మాంసం అది.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. కింది కొలతలు నలుగురికి సరిపోతాయి.

1. కారపు ముద్ద ముందుగానే చేసి ఉంచుకోండి. ఈ కూర జాతకం దీని మీదే ఆధారపడి ఉంటుంది. చెంగ్డు పక్కన పీషియన్‌లో తయారయ్యే డౌబాన్‌జియాంగ్‌లో ఉండేవి పండుమిరపకాయలు, పెద్ద చిక్కుడు జాతి గింజలు, గోధుమపిండి, ఉప్పు. జాడీల్లో ఏడాదికి పైగా ఊరుతాయి. ఇందులో సగం పని మన ఇళ్లల్లో ఎప్పటినుంచో జరుగుతున్నదే. పండుమిరపకాయలు ఉప్పేసి దంచి పెట్టుకునే కొరివికారం గుర్తొచ్చిందా? చింతపండు కలపక ముందు అందులోంచి ఒక గిన్నెడు పక్కకు తీయండి, అంతే.

కొత్తగా పెట్టేవాళ్లకు లెక్క ఇది: పావుకిలో పండుమిరపకాయలు కడిగి, గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టి, తొడిమలు తీసి, 25 గ్రాముల ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచండి. గాజు సీసాలో పెట్టి వారం పది రోజులు రోజుకోసారి పొడి గరిటెతో కలపండి. పైన చిన్న చిన్న బుడగలు వస్తే అది చక్కగా పులుస్తోందన్న మాట. బూజు పడితే మాత్రం సీసా మొత్తం పారేయాల్సిందే. పైపైన తీసేసి వాడదామని చూడొద్దు.

అంత ఓపిక లేదా? ఎండుమిరపకాయలు వేడినీళ్లలో అరగంట నానబెట్టి ఉప్పుతో రుబ్బండి. ఇక్కడ ఒక ఎంపిక ఉంది. పక్క జిల్లా రామనాథపురం గుండుమిరపకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోలు దళసరి, రుబ్బితే చిక్కని ముద్ద అవుతుంది. రంగు కోసం సగం బ్యాడగి కలపండి. గుంటూరు మిరపకాయ ఒక్కటే వేస్తే కారం ముందుకొచ్చి మిగతా రుచులన్నీ మూల కూర్చుంటాయి.

రెండో సగం, పులిసిన గింజ. అందరికీ సులువైనది జపాన్ మిసో. పొట్లం తెప్పించుకుంటే ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉంటుంది. రెండు పెద్ద చెంచాల మిరప ముద్దకు ఒక చెంచా మిసో చాలు. మన దేశంలోనే నాగాలాండ్‌లో అక్షోనె, సిక్కింలో కినెమా అని సోయా గింజలు పులియబెట్టే పద్ధతులున్నాయి. నాగాలు అక్షోనెను పంది మాంసంతో ఎక్కువగా వండుతారు కాబట్టి దీనికి అతికినట్టు సరిపోతుంది. వాసన సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. ఢిల్లీ అద్దె ఇంట్లో అక్షోనెతో పంది మాంసం వండబోయి ఇరుగుపొరుగుతో పడ్డ పాట్ల మీద నికొలస్ ఖర్కోంగర్ 2019లో ఏకంగా ఒక సినిమాయే తీశాడు. ఇవేవీ చేతికి రాకపోతే ఉడికించిన సోయా గింజలు రెండు చెంచాలు మెదిపి, సోయా సాస్‌తో నూనెలో ముదురు రంగు వచ్చేదాకా వేయించండి. అసలుదానికి మేనమామ పోలిక వస్తుంది.

2. మిరియాలు వేసి తిమ్మిరి రాలేదని బాధపడొద్దు. హువాజావ్‌కూ మిరియానికీ చుట్టరికం లేదు. అది నిమ్మ, కరివేపాకుల కుటుంబం. దాని పైతొక్కలో ఉండే సాన్‌షూల్ అనే పదార్థం నాలుక మీది స్పర్శ నాడులను కదిలిస్తుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2013లో కొందరి పెదవుల మీద దీన్ని రాసి చూస్తే, సెకనుకు సుమారు 50 సార్లు కంపించే వస్తువు తాకినట్టు అనిపించిందని తేలింది.

దీని తోబుట్టువులు మన దగ్గరే ఉన్నాయి. కొంకణ్‌లో చేపల పులుసులో వేసే తిర్ఫల్, నేపాల్‌లో పచ్చళ్లలో వేసే తిమూర్. రెండూ తపాలాలో తెప్పించుకోవచ్చు. వచ్చాక ఒక పళ్లెంలో పోసి, నోరు తెరుచుకున్న తొక్కల్లోంచి నల్లగా మెరిసే గింజలు ఏరేయండి. ఆ గింజ పంటి కింద ఇసుకలా కరకరమంటుంది, చేదు కూడా. ఓపిగ్గా ఏరితే గుప్పెడు తొక్కలు మిగులుతాయి. సన్నటి సెగ మీద వాసన లేచేదాకా వేయించి, చల్లారాక దంచి జల్లించండి. వండే రోజునే దంచుకోవాలి. దంచి డబ్బాలో పెట్టిన పొడి కొద్ది వారాల్లోనే ఉత్త పొట్టు అయిపోతుంది.

3. తోఫును చూసి పన్నీరు అనుకోవద్దు. పన్నీరు పాలవాసన వదలదు, రసం పీల్చదు, ఉడికేకొద్దీ బిగుసుకుంటుంది. మెత్తటి తోఫు పొట్లం దొరికితే సరే. దొరకకపోతే ఇంట్లో చేయండి, కష్టమేం కాదు. పావుకిలో సోయా గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్న వేడినీళ్లతో రుబ్బండి. వేడినీళ్లయితే పచ్చి గింజ వాసన తగ్గుతుంది. మొత్తం మీద రెండు లీటర్ల నీళ్లు పడతాయి. పలచటి గుడ్డలో పిండి, పాలు పొయ్యి మీద పెట్టండి.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. సోయా పాలు ఉడకకముందే నురగతో గిన్నె అంచుదాకా లేస్తాయి. పొంగిందనుకుని దించేస్తారు. అది దొంగపొంగు. సెగ తగ్గించి, కలుపుతూ, నిజంగా తెర్లడం మొదలయ్యాక మరో పది నిమిషాలు మరిగించాలి. పచ్చి సోయాలో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలుంటాయి. బాగా మరిగితే గానీ అవి పోవు.

దించి అయిదు నిమిషాలు ఆగి, పావుకప్పు నిమ్మరసం అరకప్పు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా కలపండి. విరిగాక గుడ్డలోకి వంచి, తేలికపాటి బరువు పెట్టండి. పెద్ద రాయి పెట్టేస్తే ఇటుక అవుతుంది. ఆహారానికి పనికొచ్చే కాల్షియం సల్ఫేట్ దొరికితే పులుపు లేని, ఇంకా నున్నటి తోఫు వస్తుంది. చైనాలో తరతరాలుగా వాడుతున్నది అదే.

4. మాంసం గురించి ముందు ఇంట్లో మాట్లాడండి. కోయంబత్తూరులో ఉద్యోగం చేసే కొడుకు సెలవులకు వచ్చి, పొట్లం విప్పి గట్టు మీద పెట్టాడనుకోండి. “పంది మాంసమా? నా గిన్నెల్లోనా?” అని అత్తగారు గుమ్మంలోనే ఆగిపోతుంది. “వేరే మూకుడు పెడతాలెండి అత్తయ్యా, పెరటి పొయ్యి మీద వండుకుంటాం” అని కోడలు సర్దిచెప్పాలి. ఇదంతా పొయ్యి వెలిగించాక కాదు, ముందురోజే తేల్చుకోవలసిన విషయం. ఒప్పుకోకపోతే మేకమాంసం కైమాతో వండండి, ఏ లోటూ రాదు. శాకాహారులైతే పుట్టగొడుగులు సన్నగా తరిగి, నీరంతా ఇగిరేదాకా వేయించాలి.

పంది మాంసమే అయితే శుభ్రమైన, తనిఖీ ఉన్న అంగడిలో 150 గ్రాములు కొనండి. కొవ్వు మూడో వంతైనా ఉండాలి. కైమా, తమిళంలో కొత్తుకరి, అంగడివాళ్లు కొట్టివ్వకపోతే ఇంట్లో కత్తితో తరుక్కోవడమే మంచిది. యంత్రంలో వేసినదాని కంటే పలుకులు పలుకులుగా వస్తుంది. తరిగిన పలక, కత్తి వేడినీళ్లతో సబ్బు పెట్టి కడిగాకే ఉల్లికాడలు కోయండి. లోపల పచ్చి మిగలకూడదు. సరిగా ఉడకని పంది మాంసంతో బద్దెపురుగు బెడద ఉంది. థర్మామీటరు ఉంటే కైమాకు 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. కింద చెప్పినట్టు కరకరలాడేలా వేయిస్తే ఆ గీత ఎప్పుడో దాటిపోతుంది.

5. మూకుడు పెట్టే ముందు అన్నీ చేతికందేలా అమర్చుకోండి. కూర తయారయ్యేది పావుగంటలో. మధ్యలో వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంటే కారం మాడిపోతుంది.

ముందు ఒక గిన్నెలో లీటరు నీళ్లు, చెంచా ఉప్పు వేసి వేడి చేయండి. 400 గ్రాముల తోఫును అంగుళం కంటే కాస్త చిన్న ముక్కలుగా కోసి అందులో జారవిడవండి. తెర్లనివ్వకుండా అయిదు నిమిషాలు ఉంచండి. ఈ స్నానం లేకపోతే ముక్క పైన వేడిగా, లోపల చల్లగా ఉంటుంది, కదిపితే విరిగిపోతుంది.

మూకుట్లో నాలుగు పెద్ద చెంచాల వేరుశనగ నూనె పోయండి. ఎక్కువనిపిస్తోందా? తగ్గించకండి. ఎరుపునీ వాసననీ మోసేది ఆ నూనే. నల్లెణ్ణెయ్ ఇంట్లో ఉంది కదా అని అదే పోసేస్తారు కొందరు. అది పచ్చి నువ్వుల నూనె, దాని వాసన వేరే దారికి లాగుతుంది. చైనావాళ్లు వేయించిన నువ్వుల నూనెను చివర్లో చుక్కగా వాడతారే గానీ ఇలా వేపుడుకు పోయరు. కైమా వేసి, ఉండలు విడగొడుతూ, చెవి అటు పెట్టండి. మొదట నీరు మరుగుతున్న బుడబుడ శబ్దం. అది తగ్గి, నూనె తేటపడి, చిటపట మొదలైందంటే తేమ పోయింది. అప్పుడింకో రెండు నిమిషాలు వేపి, గోధుమరంగు రాగానే పక్కకు తీయండి. ఈ శబ్దం మారకముందే తీసేసినవాళ్ల కూరలో మాంసం రబ్బరులా ఉంటుంది.

సెగ తగ్గించండి. అదే నూనెలో కారపు ముద్ద, మిసో వేసి రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉండండి. నూనె అంచుల్లో ముందు నారింజ రంగు, తర్వాత ముదురు ఎరుపు దిగుతుంది. నల్లబడిందా, మొహమాటపడకుండా పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. మాడిన కారాన్ని చక్కెర కూడా కాపాడలేదు. ఇప్పుడు సన్నగా తరిగిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, అంగుళం అల్లం. అల్లం వెల్లుల్లి పేస్టు వద్దు, అది మూకుడుకు అంటుకుని మాడుతుంది, మన మసాలా కూర వాసన తెస్తుంది. గరం మసాలా, టమాటా, కరివేపాకు జోలికి వెళ్లాలని చెయ్యి లాగుతుంది. లాగనివ్వకండి.

ఒక కప్పు వేడినీళ్లు లేదా ఎముకల రసం పోసి, చెంచా సోయా సాస్, అరచెంచా చక్కెర వేయండి. కైమా వెనక్కి, తోఫు నీళ్లు వడగట్టి లోపలికి. గరిటెతో కలపొద్దు. గరిటె వీపుతో ముక్కలను ముందుకు నెట్టండి, లేదా మూకుడు పట్టుకుని ఊపండి. నాలుగైదు నిమిషాలు సన్నగా ఉడకనివ్వండి. మూకుట్లో ఉప్పు ఇప్పటిదాకా వేయలేదు, గమనించారా? ముద్దలోనూ మిసోలోనూ సాస్‌లోనూ ఉన్నది చాలు. రుచి చూశాక అవసరమైతేనే వేయండి.

6. మొక్కజొన్న పిండి ఒకేసారి పోయొద్దు. ఒక పెద్ద చెంచా పిండి మూడు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి, మూడు విడతలుగా, విడతకీ విడతకీ మధ్య అరనిమిషం ఆగుతూ పోయాలి. తోఫు ఉడికేకొద్దీ నీరు వదులుతుంది. ఒకేసారి పోస్తే ముందు గట్టిపడి, పళ్లెంలోకి వచ్చాక పలచబడిపోతుంది. మూడు విడతలైతే రసం ముక్కను పట్టుకుని ఉంటుంది, ఎర్ర నూనె పైన తేలుతుంది. దించి, ఉల్లికాడలు, అరచెంచా తిర్ఫల్ పొడి చల్లండి. పొడి ముందే వేసి ఉడికిస్తే వాసన పోయి చేదు మిగులుతుంది.

7. అన్నం కాస్త మెత్తగా వండండి. పొడిపొడిలాడే బాస్మతి దీనికి పనికిరాదు. పొన్ని పచ్చిబియ్యం, ఒక గుక్కెడు నీళ్లు ఎక్కువ పోసి వండితే బాగుంటుంది. పప్పన్నంలా మొత్తం పిసికి కలిపేస్తే తోఫు నలిగి ముద్ద అవుతుంది. అన్నం మీద కొంచెం కొంచెం వేసుకుని, వేడి తగ్గకముందే తినాలి. చేత్తో తినేవాళ్లకు ముక్క జారుతుంది. చెంచా అడిగితే తప్పేం లేదు.

మొదటిసారి తినేవాళ్లకు ఒక మాట చెప్పి పెట్టండి. రెండో ముద్దకు పెదవులు జిలజిలమంటాయి, నీళ్లు తాగితే నీళ్లే వింత రుచిగా అనిపిస్తాయి. ఎలర్జీ అనుకుని కంగారుపడేవాళ్లుంటారు. పది పదిహేను నిమిషాల్లో తగ్గిపోయేది తిమ్మిరి. గొంతు బిగుసుకోవడం, ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు వస్తే మాత్రం అది తిమ్మిరి కాదు, సోయాయో మరేదో పడలేదన్నమాట. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మిగిలిన కూర రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికల్లా తినేయండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. గడ్డకట్టి కరిగిన తోఫు స్పాంజిలా చిల్లులు పడుతుంది. వేడి చేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు చిలకరించి, పొగలు కక్కేదాకా మరగనిచ్చి, దించాక కొత్తగా దంచిన పొడి ఇంకో చిటికెడు చల్లండి.